"మనకెందుకు?" అన్న ఇరవై ఏళ్లు



పక్క వీధిలో కేకలు వినబడితే మన ఇళ్లలో పెద్దవాళ్లు ముందుగా అనే మాట ఒకటి ఉన్నది. "మనకెందుకొచ్చిన గొడవ? తలుపు వేసి రండి." ఆ మాటలో పిరికితనము ఉండవచ్చు, వివేకము కూడ ఉండవచ్చు. ఒకసారి తగవు తీర్చబోయి తల పగలగొట్టుకొని వచ్చిన ఇంటిలోనైతే ఆ మాట మరీ గట్టిగా వినబడుతుంది.

ఒక ఇల్లు కాదు, ఒక పెద్ద దేశమే ఇరవై ఏళ్లకు పైగా ఈ మాట అన్నది. ఆ దేశము అమెరికా. మొదటి ప్రపంచ యుద్ధము ముగిసిన 1918 నుండి రెండవ ప్రపంచ యుద్ధములో దిగిన 1941 వరకు ఆ దేశ రాజకీయాలలో అన్నిటికంటె బలమైన మాట ఇదే. అమెరికా అంటే లోకమంతటా సైనిక స్థావరాలు ఉన్న దేశమని మాత్రమే ఎరిగిన మన పిల్లలకు ఇది వింతగా తోచవచ్చు. మనకు ఇంకొక విధముగా కూడ వింతే. గుంటూరుకు ఫాదర్ హేయరును, ఒంగోలుకు జాన్ క్లౌను పంపిన దేశము అది. ఎన్నడూ చూడని తెలుగు పల్లెల కొరకు చందాలు ఎత్తిన సంఘాలు అక్కడివి. అంత దూరము చూడగలిగిన ప్రజలు తలుపు ఎందుకు వేసుకున్నారు? వేసుకున్నందుకు వెల ఎవరు చెల్లించారు? ఈ నెల ఈ పేజీలో ఆ సంగతి చెప్పుకుందాము.

గాయపడిన ఇల్లు

1917 ఏప్రిల్ 6న అమెరికా మొదటి ప్రపంచ యుద్ధములో దిగింది. ఏడాదిన్నరలోనే దాదాపు 1,16,000 మంది సైనికులను పోగొట్టుకున్నది. వారిలో సగానికి పైగా తుపాకి గుండ్లకు కాదు, ఇన్‌ఫ్లుయెంజా మొదలైన జబ్బులకు చనిపోయారు. ఇదే చివరి యుద్ధమని, దీనితో లోకములో ప్రజాస్వామ్యానికి భయముండదని చెప్పి పిల్లలను పంపమన్నారు. తల్లులు పంపారు. యుద్ధము ముగిసిన తరువాత చూస్తే గెలిచిన రాజ్యాలు సరిహద్దులు పంచుకుంటూ, వలసలు పంచుకుంటూ కనబడ్డాయి.

రైతుల బాధ మరొకటి. యుద్ధకాలములో గోధుమకు మంచి ధర పలికింది. అప్పు చేసి భూమి కొన్నవారు, యంత్రాలు కొన్నవారు చాలమంది. 1920 తరువాత ధర కూలిపోయింది. అప్పు మాత్రము నిలిచింది. ధర నమ్ముకొని పెట్టుబడి పెట్టి మునిగిన రైతు బాధ మన పాఠకులకు విడమరచి చెప్పనక్కరలేదు. పైగా బ్రిటను, ఫ్రాన్సు మొదలైన దేశాలు అమెరికాకు సుమారు వెయ్యి కోట్ల డాలర్లు బాకీ పడ్డాయి. ఆ బాకీలో ఎక్కువ భాగము చివరకు తీరలేదు. చనిపోయింది మా పిల్లలు, లాభపడింది ఎవరో అన్న మాట పల్లె పల్లెలో పుట్టింది. దానిని వట్టి స్వార్థమని కొట్టివేస్తే ఈ చరిత్ర అర్థము కాదు.

విల్సన్ నిబంధన

ఆనాటి అధ్యక్షుడు ఉడ్రో విల్సన్ ప్రెస్బిటేరియన్ పాదిరిగారి కుమారుడు. మళ్లీ యుద్ధము రాకుండ నానాజాతి సమితి ఏర్పరచాలని పట్టుబట్టినవాడు ఆయనే. ఆ సమితి నియమావళికి ఆయన పెట్టించిన పేరు చూడండి: మనము బైబిలులో "నిబంధన" అని చదివే మాటకు ఇంగ్లీషులో ఏ మాట ఉన్నదో సరిగా అదే. అందులో పదవ అధికరణము ముఖ్యమైనది. సభ్యదేశము మీద ఎవరైనా దాడి చేస్తే దాని సరిహద్దును, స్వాతంత్ర్యాన్ని మిగతావారు కాపాడాలని దాని సారము.

గొడవ అక్కడే వచ్చింది. మన సైన్యము ఎక్కడికి వెళ్లాలో మన కాంగ్రెసు నిర్ణయించాలి గాని ఇతరులు కాదని సెనేటులో విదేశాంగ సంఘము అధ్యక్షుడు హెన్రీ కాబట్ లాడ్జ్ వాదించాడు. 14 షరతులు చేర్చి ఒప్పుకుందామన్నాడు. ఐడహో సెనేటరు విలియం బోరా వంటివారు షరతులతోనైనా వద్దన్నారు. విల్సన్ ఒక్క మెట్టు కూడ దిగలేదు. 1919 సెప్టెంబరులో రైలెక్కి ఊరూరా ప్రసంగాలు చేస్తూ కొలరాడో రాష్ట్రము ప్యూబ్లో పట్టణము తరువాత కుప్పకూలాడు. అక్టోబరు 2న పక్షవాతము వచ్చింది. మంచము మీద నుండి కూడ లాడ్జ్ షరతులకు ఒప్పుకోవద్దని తన పార్టీవారికి కబురు చేశాడు.

1920 మార్చి 19న షరతులతో కూడిన ఒప్పందానికి చివరి ఓటు జరిగింది. అనుకూలము 49, వ్యతిరేకము 35. మూడింట రెండు వంతులు కావాలి గనుక ఏడు ఓట్లు తక్కువై ఒప్పందము పడిపోయింది. తాను కోరిన సమితిలో తన దేశమే లేకుండగా విల్సన్ 1924లో చనిపోయాడు. తలుపు మూసినవారు ఒక పక్షమువారే కారు. ఇద్దరి మొండితనము కలిసి మూసింది.

సంతకాలతో యుద్ధము ఆగునా?

అమెరికా అప్పటి నుండి లోకమును పూర్తిగా విడిచిపెట్టిందని అనుకోరాదు. 1921లో రష్యాలో కరువు వచ్చినప్పుడు హెర్బర్ట్ హూవర్ నడిపిన సహాయ సంస్థ ఒక దశలో రోజుకు కోటి మందికి అన్నము పెట్టింది. 1921-22లో వాషింగ్టనులో సభ జరిపి పెద్ద యుద్ధనౌకలను తగ్గించుకొనుటకు ఇతర రాజ్యాలను ఒప్పించింది. ఇవి మంచి పనులు. వద్దన్నది ఒక్కటే: ఎవరికీ ముందుగా మాట ఇచ్చి కట్టుబడము.

దీనికి మంచి గుర్తు 1928 ఆగస్టు 27న పారిసులో కుదిరిన కెలాగ్-బ్రియాండ్ ఒప్పందము. రాజ్యాలు తమ తగవులను యుద్ధముతో తీర్చుకోమని అందులో ప్రమాణము చేశాయి. మొదటి రోజు సంతకము చేసిన 15 దేశాలలో, బ్రిటిషువారి పాలనలో ఉన్న ఇండియా పేరు కూడ ఉన్నది. జర్మనీ, ఇటలీ, జపాను కూడ ఉన్నాయి. అమెరికా సెనేటు దీనిని 85కు 1 ఓటుతో ఆమోదించింది. అంత సులువుగా ఎందుకు ఒప్పుకున్నారంటే మాట తప్పినవానిని ఏమి చేయాలో అందులో ఎక్కడా లేదు. మూడేళ్లకే, 1931 సెప్టెంబరులో జపాను చైనాలోని మంచూరియాను పట్టుకున్నది. ఆ ఆక్రమణను గుర్తించమని అమెరికా ప్రకటించి ఊరకున్నది.

ఈ శాంతి ఉద్యమములో సంఘాల పాత్ర చిన్నది కాదు. షికాగోలో వెలువడే "క్రిస్టియన్ సెంచరీ" పత్రిక సంపాదకుడు చార్లెస్ క్లేటన్ మారిసన్ యుద్ధమును చట్టవిరుద్ధము చేయాలని ఏళ్ల తరబడి వ్రాశాడు. మొదటి యుద్ధానికి వేదిక ఎక్కి జనాన్ని ప్రోత్సహించిన న్యూయార్కు బోధకుడు హారీ ఎమర్సన్ ఫాస్డిక్ 1933లో, పేరు తెలియని మృత సైనికుని ఉద్దేశించి ప్రసంగము చేసి ఇక ఏ యుద్ధాన్నీ సమర్థించనని ప్రకటించాడు. 1931లో ఒక పత్రిక పాదిరులకు ప్రశ్నలు పంపితే సుమారు 19 వేల మంది జవాబిచ్చారు. వారిలో నూటికి 60 మందికి పైగా, ఇక ఏ యుద్ధాన్నీ సంఘము బలపరచకూడదన్నారు. వీరిని మనము తేలికగా చూడలేము. పుత్రశోకములో ఉన్న కుటుంబాలను ఆదివారము ఆదివారము ఎదుట చూసినవారు వీరు.

గడియ మీద గడియ

1929లో ఆర్థిక మాంద్యము వచ్చింది. 1933 నాటికి పనిచేయగలవారిలో నాలుగవ వంతుకు పని లేదు. ఇంటిలో గంజి లేనప్పుడు లోకము సంగతి ఎవరికి పట్టుతుంది? అటువంటి సమయములో, 1934లో, గోధుమ రైతుల రాష్ట్రమైన నార్త్ డకోటా సెనేటరు జెరాల్డ్ నై అధ్యక్షతన ఒక విచారణ సంఘము కూర్చున్నది. ఆయుధాల కంపెనీలు, బ్యాంకులు మొదటి యుద్ధములో ఎంత లాభము తీశాయో లెక్కలు బయటపెట్టింది. దేశాన్ని కుట్ర చేసి యుద్ధములోకి దింపింది వారే అని అది రుజువు చేయలేకపోయింది. అయినను "మృత్యు వ్యాపారులు" అన్న మాట ప్రజల నోట నిలిచిపోయింది.

ఆ వేడిలో తటస్థతా చట్టాలు వచ్చాయి. 1935 చట్టము యుద్ధములో ఉన్న దేశాలకు ఆయుధాలు అమ్మరాదన్నది. 1936 చట్టము అప్పు ఇవ్వరాదన్నది. 1937 చట్టము ఆ దేశాల ఓడలలో అమెరికనులు ప్రయాణము చేయరాదన్నది. వినుటకు న్యాయముగానే ఉన్నాయి. అయితే కొట్టినవాడు, దెబ్బతిన్నవాడు ఈ చట్టాలకు ఒక్కటే. 1935 అక్టోబరులో ముస్సోలినీ ఇథియోపియా మీదికి విమానాలతో, విషవాయువుతో వచ్చాడు. అమెరికా ఇద్దరికీ ఆయుధాలు ఆపింది. ఇటలీకి సొంత ఆయుధ కర్మాగారాలు ఉన్నాయి, ఇథియోపియాకు లేవు. పెట్రోలు మాత్రము నిషేధపు జాబితాలో లేదు. అమెరికా కంపెనీలు ఇటలీవారికి అమ్మిన నూనె తగ్గలేదు, పెరిగింది. ఇథియోపియా చక్రవర్తి హైలె సెలాసీ 1936లో జెనీవాకు వెళ్లి నానాజాతి సమితిలో మొరపెట్టుకున్నాడు. ఫలితము లేదు. సమితిలో సభ్యులైన బ్రిటను, ఫ్రాన్సు కూడ ఆయన చేయి విడిచాయి. కనుక తప్పు అమెరికా ఒక్కదానిదే అనుట న్యాయము కాదు.

1937లో మరింత గట్టి గడియ ఒకటి ఆలోచించారు. దేశము మీదికి దండెత్తి వస్తే తప్ప, ప్రజలందరి ఓటు తీసుకొనకుండ యుద్ధము ప్రకటించరాదని ఇండియానా ప్రతినిధి లూయిస్ లడ్లో రాజ్యాంగ సవరణ ప్రతిపాదించాడు. 1938 జనవరిలో దానిని చర్చకు తీసుకొనవలెనా అన్న ఓటులో 188 మంది అవునన్నారు, 209 మంది కాదన్నారు. తేడా 21 మాత్రమే. దేశము మనసు ఎటు ఉన్నదో దీనినిబట్టి తెలుస్తుంది.

తలుపు తట్టినవారు

యుద్ధము రాకుండ వేసిన తలుపు మనుషులు రాకుండ కూడ పడింది. 1924 వలస చట్టము ఒక్కొక్క దేశానికి ఇంతమంది అని లెక్క కట్టింది. ఆసియావారికి దాదాపు పూర్తిగా తలుపు మూసింది. మన దేశస్థుడు భగత్ సింగ్ థిండ్ మొదటి యుద్ధములో అమెరికా సైన్యములో పనిచేసినవాడు. అతడు తెల్లవాడు కాదు గనుక పౌరసత్వము తగదని 1923లో వారి సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. నేడు తెలుగు పిల్లలు వేల సంఖ్యలో అక్కడ చదువుతున్నారంటే 1965లో ఆ లెక్కల పద్ధతిని మార్చినందువల్లనే.

ఈ చట్టపు బరువు అన్నిటికంటె ఎక్కువగా జర్మనీ యూదుల మీద పడింది. 1938 జూలైలో ఫ్రాన్సులోని ఎవియాన్‌లో 32 దేశాలు కూర్చొని వారి విషయము మాట్లాడాయి. జాలి అందరూ చూపారు. పెద్ద సంఖ్యలో తీసుకుంటామన్నది చిన్న దేశమైన డొమినికన్ రిపబ్లిక్ ఒక్కటే. ఆ నవంబరులో జర్మనీలో యూదుల ప్రార్థనామందిరాలను తగలబెట్టారు. 1939 ఫిబ్రవరిలో అమెరికా కాంగ్రెసులో వాగ్నర్, రోజర్స్ అను ఇద్దరు సభ్యులు ఒక బిల్లు పెట్టారు. పద్నాలుగేళ్ల లోపు పిల్లలను రెండేళ్లలో 20 వేల మందిని, లెక్కలతో నిమిత్తము లేకుండ రానివ్వాలని దాని కోరిక. క్వేకరులు, ఎందరో పాదిరులు, కాథలిక్ గురువులు దానిని బలపరిచారు. మన పిల్లలకే పని లేదు, తిండి లేదు, పరాయి పిల్లలెందుకని ఇతరులు అన్నారు. బిల్లు ఓటుకు రాకుండనే సంఘములో చచ్చిపోయింది.

అదే ఏడాది మే 13న "సెయింట్ లూయిస్" అను ఓడ 937 మందితో హాంబర్గు రేవు విడిచింది. దాదాపు అందరూ యూదులే. వారిలో చాలమంది అమెరికా వీసా వరుసలో పేరు వ్రాయించుకొని, వంతు వచ్చేవరకు క్యూబాలో తలదాచుకొనవచ్చునని బయలుదేరారు. హవానాలో 28 మందినే దిగనిచ్చారు. ఓడ ఫ్లోరిడా తీరము వెంబడి మెల్లగా సాగింది. పిల్లలు మయామి పట్టణపు దీపాలు చూశారు. దిగుటకు అనుమతి రాలేదు. జూన్‌లో ఓడ తిరిగి యూరపుకు మళ్లింది. బ్రిటను, ఫ్రాన్సు, బెల్జియం, హాలెండు వారిని పంచుకున్నాయి. ఏడాది తిరగకముందే బ్రిటను తప్ప మిగతా మూడు దేశాలూ హిట్లర్ చేతికి చిక్కాయి. ఆ ఓడ ప్రయాణికులలో 254 మంది ఆ మారణహోమములో చనిపోయారు.

ఒకే సంఘములో రెండు మాటలు

1939 సెప్టెంబరులో యూరపులో యుద్ధము మొదలయింది. 1940 సెప్టెంబరులో "అమెరికా ఫస్ట్" అను సంస్థ పుట్టింది. దాని సభ్యులు సుమారు ఎనిమిది లక్షలని లెక్క. 1927లో ఒంటరిగా అట్లాంటికు సముద్రము దాటిన విమాన వీరుడు చార్లెస్ లిండ్‌బర్గ్ దాని ముఖ్య వక్త. 1941 సెప్టెంబరు 11న అయోవా రాష్ట్రములో అతడు మాట్లాడుతూ దేశాన్ని యుద్ధములోకి తోస్తున్నవారిలో యూదులను కూడ పేర్కొన్నాడు. తరుముతున్నవానిని వదలి, తరుమబడుతున్నవారి మీద నింద వేసిన ఆ మాటకు అతని పక్షమువారే చాలమంది సిగ్గుపడ్డారు.

సంఘాలలోను వాదము తీవ్రమయింది. ఒకప్పుడు శాంతివాదుల సంఘములో పనిచేసిన న్యూయార్కు ఆచార్యుడు రైన్‌హోల్డ్ నీబర్ ఆ మార్గము విడిచాడు. చేతులు రక్తము కాకుండ కాపాడుకొనుటే నీతి కాదని, బలహీనుని కాపాడే అవకాశముండి ఊరకుండుట కూడ పాపములో పాలేనని ఆయన వాదము. 1941 ఫిబ్రవరిలో "క్రిస్టియానిటీ అండ్ క్రైసిస్" అను పత్రిక పెట్టాడు. మారిసన్, ఫాస్డిక్ తమ మాట మీదనే ఉన్నారు. ఇరుపక్షాలవారూ చదివిన బైబిలు ఒక్కటే.

ఈ వాదములో మరువరాని స్త్రీ జెన్నెట్ రాంకిన్. మోంటానా రాష్ట్రము నుండి వచ్చిన ఈమె అమెరికా కాంగ్రెసుకు ఎన్నికైన మొదటి మహిళ. 1917లో యుద్ధము వద్దని ఓటు వేసింది. 1941 డిసెంబరులో 388 మంది యుద్ధమన్నప్పుడు వద్దన్నది ఆమె ఒక్కతే. బయటకు రాగానే జనము చుట్టుముట్టగా టెలిఫోను గదిలో దూరి పోలీసులను పిలుచుకొనవలసి వచ్చింది. తరువాత గాంధీజీ మార్గము తెలుసుకొనుటకు మన దేశానికి పలుమార్లు వచ్చింది. ఆమెతో మనము ఏకీభవించకపోవచ్చు. కాని తన నమ్మకానికి వెల తానే చెల్లించింది, మరొకరి చేత కట్టించలేదు.

మంట దగ్గరకు వచ్చినప్పుడు

1940 డిసెంబరు 17న అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ విలేకరులకు ఒక పోలిక చెప్పాడు. పొరుగింటికి నిప్పంటుకొని, మన దగ్గర నీళ్ల గొట్టము ఉంటే ముందు ధర బేరమాడము, ఇస్తాము. మంట ఆరాక తిరిగి తెచ్చి ఇస్తే చాలునని దాని భావము. గడ్డివాములున్న ఊరివారికి ఇంతకంటె బాగుగా ఎవరు చెప్పగలరు? 1941 మార్చిలో లెండ్-లీజ్ చట్టము వచ్చింది, బ్రిటనుకు సామగ్రి వెళ్లింది. అయినను ఆ ఆగస్టులో సైన్యములో ఉన్న యువకుల సేవాకాలము పొడిగించే బిల్లు ప్రతినిధుల సభలో 203కు 202గా, ఒక్క ఓటుతో గట్టెక్కింది.

1941 డిసెంబరు 7న జపాను విమానాలు హవాయిలోని పెర్ల్ హార్బరు మీద పడ్డాయి. 2,400 మందికి పైగా చనిపోయారు. కొద్ది రోజులలోనే "అమెరికా ఫస్ట్" సంస్థను మూసివేశారు. పెర్ల్ హార్బరుకు వచ్చిన జపాను నౌకాదళమే బంగాళాఖాతములోకి కూడ వచ్చింది. 1942 ఏప్రిల్ 6న విశాఖపట్నము, కాకినాడల మీద బాంబులు పడ్డాయి. మంచూరియాలో రగిలిన నిప్పు పదేళ్లు తిరిగేసరికి మన తీరానికి చేరింది.

అమెరికా మొదటే నానాజాతి సమితిలో చేరి ఉంటే హిట్లర్ వచ్చేవాడు కాదని ఎవరూ ప్రమాణము చేసి చెప్పలేరు. తలుపు తెరిచినంత మాత్రాన అంతా మేలే జరుగుతుందని కూడ చెప్పలేము. 1945 తరువాత అదే దేశము వియత్నాము వంటి చోట్ల తలదూర్చి చేసిన కీడు లోకమెరిగినదే. కాని ఆ దేశము ఒక సంగతి నేర్చుకున్నది. ఒకప్పుడు తటస్థత కొరకు పోరాడిన మిషిగన్ సెనేటరు ఆర్థర్ వాండెన్‌బర్గ్ 1945 జనవరిలో సెనేటులో నిలిచి, సముద్రాలు ఇక ఏ దేశానికీ కోటగోడలు కావని ఒప్పుకున్నాడు. ఆ జూలై 28న ఐక్యరాజ్య సమితి నియమావళికి సెనేటు ఓటు వేసింది. అనుకూలము 89, వ్యతిరేకము 2. పాతికేళ్ల క్రిందట ఏడు ఓట్లు దొరకని సభ అదే.

"మనకెందుకు" అన్న మాటలో రెండు మాటలు కలిసి ఉన్నాయి. మీ కొట్లాటలో నేను కర్ర పట్టను అనుట ఒకటి. దెబ్బలు తిని పరుగెత్తి వచ్చినవానికి తలుపు తీయను అనుట మరొకటి. ఆనాటి అమెరికా మొదటి మాట అంటున్నానని అనుకొని రెండవ మాట కూడ అన్నది. మొదటి మాటకు కొంత న్యాయమున్నది, వెనుక లక్షకు పైగా సమాధులు ఉన్నాయి. రెండవ మాటకు వెల ఓడ మీద నిలబడి మయామి దీపాలు చూసిన పిల్లలు చెల్లించారు.

మన ఊరిలోను, మన సంఘములోను ఈ మాట అనవలసిన సమయాలు వస్తాయి. తాగి కొట్టే భర్త ఇంటి ముందు నుండి నడిచిపోయేటప్పుడు, వేరొక వాడవారి నీళ్ల తగవు విన్నప్పుడు, ఎక్కడినుండో వలస వచ్చిన కూలీలు మన చెరువుగట్టున గుడిసె వేసుకున్నప్పుడు. అన్నిటిలో తలదూర్చమని మేము చెప్పము. తలుపు వేయబోయే ముందు ఒక్క ప్రశ్న వేసుకుంటే చాలు. ఈ నెమ్మదికి వెల నేను చెల్లిస్తున్నానా, బయట నిలబడినవారు చెల్లిస్తున్నారా?